ప్రాసెసర్ సాకెట్‌లో వంగిన పిన్ను: సరిచేయడం ఎలా?

కంప్యూటరు భాగాల గురించి మనం చెప్పుకుంటున్న ఈ ప్రసంగాల్లో ఇప్పటివరకు కంటికి బాగా కనిపించే వస్తువులే వచ్చాయి. ఈసారి చెప్పుకోబోయేది వడ్ల గింజ కన్నా చాలా చిన్నది. మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చతురస్రపు గూడు ఉంటుంది కదా, దానినే సాకెట్ అంటారు. అందులో వందల కొద్దీ ఉండే బంగారు రంగు పిన్నులలో ఒకటి వంగిపోతే ఏం జరుగుతుంది? దాన్ని ఇంట్లోనే సరిచేయవచ్చా? ప్రసారంలో అయితే కెమెరాను సాకెట్ దగ్గరకు తీసుకువెళ్ళి చూపించవచ్చు. పుస్తకంలో ఆ వీలు లేదు కాబట్టి, ఒక పాత మదర్‌బోర్డు, ఒక భూతద్దం దగ్గర పెట్టుకుని చదివితే మీకు ఎక్కువ ఉపయోగం.

ఇది నేర్చుకోవలసినంత విషయమా అని మీకు సందేహం రావచ్చు. ఒక్క పిన్ను పక్కకు ఒరిగినందువల్ల బోర్డు మొత్తం చెత్తబుట్టలోకి వెళ్ళిన సందర్భాలు చాలా ఉన్నాయి. పిన్ను వంగడాన్ని వాడుకరి వల్ల జరిగిన నష్టంగానే లెక్కగడతారు కనుక సాధారణంగా వారంటీ కూడా వర్తించదు. పిల్లవాడి చదువు కోసం అప్పు చేసి కంప్యూటరు కొన్న ఇంట్లో ఇది చిన్న నష్టం కాదు. అయితే తెలియకుండా సరిచేయబోయి, వంగిన పిన్నును విరిచినవారు కూడా చాలామందే ఉన్నారు. వారిలో నేనూ ఒకడిని. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందుగా ఈ పిన్నులు ఎక్కడి నుంచి వచ్చాయో చూద్దాం. 1971లో ఇంటెల్ సంస్థ తెచ్చిన 4004 అనే మైక్రోప్రాసెసర్‌కు ఉన్న కాళ్ళు 16. 1978లో వచ్చిన 8086కు 40. రెండు పక్కలా కాళ్ళతో అవి జెర్రిని పోలి ఉండేవి. 386కు 132, 486కు 168 అయ్యేసరికి పక్కల చోటు చాలక, అడుగు భాగమంతా పిన్నులు దిగగొట్టవలసి వచ్చింది. ఈ పద్ధతినే పిన్ గ్రిడ్ అరే, క్లుప్తంగా పీజీఏ, అంటారు. ఇందులో పిన్నులు ప్రాసెసర్‌కు ఉంటాయి, సాకెట్‌లో రంధ్రాలు మాత్రమే ఉంటాయి. పక్కనున్న సన్నని మీటను ఎత్తితే ప్రాసెసర్ ఏ బలమూ లేకుండా రంధ్రాల్లోకి దిగుతుంది, మీట దించితే బిగుసుకుంటుంది.

2004లో ఇంటెల్ తన డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు ఈ ఏర్పాటును తలకిందులు చేసింది. ఎల్‌జీఏ 775 అనే సాకెట్‌లో పిన్నులు మదర్‌బోర్డు వైపుకు వచ్చాయి, ప్రాసెసర్ అడుగున చదునైన బంగారు చుక్కలు మాత్రమే మిగిలాయి. ల్యాండ్ గ్రిడ్ అరే అంటే ఇదే. పేరులోని 775 అనే అంకె ఆ స్పర్శ బిందువుల సంఖ్య. ఆ తర్వాత 2009లో 1156, 2011లో 1155, 2015లో 1151, 2020లో 1200, 2021లో 1700, 2024లో 1851 వచ్చాయి. ఏఎండీ సంస్థ డెస్క్‌టాప్‌లలో 1331 పిన్నుల ఏఎమ్4 వరకు పాత పద్ధతినే పట్టుకుని ఉండి, 2022లో ఏఎమ్5తో తానూ ఇటు వచ్చింది. దాంట్లో 1718 స్పర్శలు ఉన్నాయి. అంటే నేడు కొత్తగా కొనే డెస్క్‌టాప్‌లలో చాలావాటికి పిన్నులు బోర్డు మీదే ఉంటాయని అనుకోవచ్చు. ప్రాసెసర్ చేయి జారి పడినా ఇప్పుడు దాని కాళ్ళు విరిగే భయం లేదు. ఆ భయం మదర్‌బోర్డుకు బదిలీ అయింది, అంతే.

ఇక అసలు విషయానికి వద్దాం. సాకెట్‌లో ఉండేవాటిని మనం అలవాటుగా పిన్నులు అంటున్నాం గాని, అవి గుండుసూదుల్లా నిటారుగా నిలబడినవి కావు. భూతద్దంలో చూడండి. ఒక్కొక్కటి సన్నని రేకు ముక్క. కింది భాగం ప్లాస్టిక్ దిమ్మెలో ఇరుక్కుని ఉంటుంది. పైభాగం ఏటవాలుగా బయటకు వచ్చి, కొన దగ్గర కొంచెం గుండ్రంగా వంపు తిరిగి ఉంటుంది. ఈత కొలనులో దూకడానికి కట్టిన పలకను గుర్తు తెచ్చుకోండి, ఒక చివర బిగించి ఉంటుంది, రెండో చివర ఊగుతుంది. ఇదీ అంతే. ఇది ఒక స్ప్రింగు. ప్రాసెసర్‌ను పెట్టి మీట నొక్కినప్పుడు ఈ కొనలన్నీ కొద్దిగా కిందికి అణిగి, బంగారు చుక్కలను పైకి ఒత్తుతూ ఉంటాయి. మీట దించేటప్పుడు కొంచెం బలం పట్టేది, కరకరమని చప్పుడు వచ్చేది ఇందుకే. కొత్తవారు ఆ చప్పుడుకు బెదిరిపోతుంటారు, బెదరనక్కర లేదు.

పిన్ను స్ప్రింగు అన్న ఈ ఒక్క మాట మనసులో ఉంటే మరమ్మతు సగం తెలిసినట్టే. ఎందుకో చూద్దాం.

రాబర్ట్ హుక్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త 1678లో ప్రచురించిన నియమాన్ని మీరు ఇంటర్మీడియట్‌లో చదువుకున్నారు. స్ప్రింగును ఎంత బలంతో లాగితే అంత సాగుతుంది, వదిలితే యథాస్థితికి వస్తుంది. కానీ దానికి ఒక హద్దు ఉంది. ఆ హద్దును స్థితిస్థాపక అవధి అంటారు. అది దాటితే లోహం తిరిగి రాదు, వంగినచోట అలాగే ఉండిపోతుంది. మీట సక్రమంగా దించినప్పుడు పిన్ను ఆ హద్దు లోపలే కదులుతుంది. ప్రాసెసర్ మూల తగిలినప్పుడు, చున్నీ అంచో చొక్కా చేతి బొత్తామో పట్టుకున్నప్పుడు, వేలు పొరపాటున రాసుకున్నప్పుడు హద్దు దాటుతుంది.

దీన్ని ఒక జెమ్ క్లిప్‌తో స్వయంగా పరీక్షించవచ్చు. క్లిప్‌ను ఒకచోట వంచండి. ఇప్పుడు ఆ వంపును తీసివేసి మళ్ళీ తిన్నగా చేయడానికి ప్రయత్నించండి. మీరు ఎంత జాగ్రత్తపడినా, వంచినచోటు తిన్నగా కాదు. దాని పక్కన మరో వంపు వస్తుంది. కారణం ఏమిటంటే, వంచినచోట లోహం లోపలి అమరిక చెదిరి అది ముందుకన్నా గట్టిపడుతుంది, దాంతోపాటు పెళుసవుతుంది. గట్టిపడిన చోటును వదిలి మెత్తగా ఉన్న పక్క భాగం లొంగుతుంది. ఇంకో నాలుగైదుసార్లు అటూ ఇటూ వంచితే క్లిప్ చేతిలో విరుగుతుంది. సాకెట్‌లోని పిన్ను రాగి మిశ్రమంతో చేసినది, స్పర్శ తగిలే చోట బంగారు పూత ఉంటుంది. జెమ్ క్లిప్ కన్నా అది ఎన్నో రెట్లు సన్నన. దానికి నాలుగైదు అవకాశాలు ఉండవు.

కాబట్టి గుర్తుంచుకోవలసింది ఇది: వంగిన పిన్నుకు పాత ఆకారం తిరిగి రాదు, దాని కోసం ప్రయత్నించకూడదు. కావలసింది కొన మాత్రమే. పిన్ను నడుములో చిన్న సొట్ట ఉన్నా ఫరవాలేదు. కొన తన వరుసలో ఉండాలి, పక్కవాటితో సమానమైన ఎత్తులో ఉండాలి. ప్రాసెసర్ అడుగున ఉండే బంగారు చుక్క ఆ కొన కన్నా పెద్దది కనుక వెంట్రుకవాసి తేడాను అది సర్దుకుంటుంది. పని అక్కడితో ఆపగలగడమే ఇందులో నైపుణ్యం.

నా సంగతి చెబుతానన్నాను. మా కళాశాల ప్రయోగశాలలో ఒక 1155 బోర్డు ఉండేది. అందులో ఒక పిన్ను ఒరిగింది. మొదటి ప్రయత్నంలోనే కొన వరుసలోకి వచ్చింది. కానీ దాని నడుము కొంచెం వంకరగా కనిపించింది, నాకు నచ్చలేదు. మళ్ళీ వంచాను. మరీ వెనక్కి వెళ్ళింది. మూడోసారి ముందుకు తెస్తుంటే సూది కొనకు ఏమీ తగలనట్టు అనిపించింది. పిన్ను ఊడి వచ్చింది. ఆ కంప్యూటరు ఆ తర్వాత కూడా పనిచేసింది, కానీ నాలుగు మెమొరీ స్లాట్లలో రెండు చచ్చిపోయాయి. చాలా కాలం దాన్ని టైపింగు పనులకే వాడుకున్నాం. మొదటిసారే చేయి తీసివేసి ఉంటే నాలుగూ బతికేవి.

ఒక్క పిన్ను పోతే రెండు మెమొరీ స్లాట్లు ఎందుకు పోతాయని అడగవచ్చు. మంచి ప్రశ్న. 775 కాలంలో మెమొరీని నడిపే భాగం ప్రాసెసర్‌లో ఉండేది కాదు, మదర్‌బోర్డు మీద వేరే చిప్‌లో ఉండేది. 1156, 1155 తరాల నుంచి అది ప్రాసెసర్ లోపలికి వచ్చింది. కాబట్టి మెమొరీ తీగలు నేరుగా సాకెట్ పిన్నుల గుండా వెళతాయి. రెండు చానళ్ళలో ఒకదానికి చెందిన కీలకమైన పిన్ను తెగితే ఆ చానల్ మొత్తం మూగబోతుంది. అలాగే గ్రాఫిక్స్ కార్డు తీగల్లో ఒకటి తెగితే కార్డు పనిచేస్తూనే 16 దారుల బదులు 8 దారుల మీద నడవవచ్చు. విద్యుత్తు సరఫరాకు, భూ సంధానానికి కేటాయించిన పిన్నులు మాత్రం వందల్లో ఉంటాయి. వాటిలో ఒకటి పోయినా ఏ తేడా తెలియకపోవచ్చు. నిజంగా ప్రమాదకరమైనది తెగిన పిన్ను కాదు, పక్క పిన్ను మీద ఒరిగి దాన్ని తాకుతున్న పిన్ను. విద్యుత్తు ఉన్న పిన్ను సంకేతం మోసే పిన్నును తాకితే బోర్డుతో పాటు ప్రాసెసర్ కూడా కాలిపోయే అవకాశం ఉంది. అనుమానం ఉన్న సాకెట్‌లో, ఏం జరుగుతుందో చూద్దామని ప్రాసెసర్ పెట్టి స్విచ్ వేయవద్దు అనేది ఇందుకే.

వంగిన పిన్నును కనిపెట్టడం ఎలా? లక్షణాలు పై పేరాలోనే వచ్చేశాయి. మెమొరీ సగమే కనిపించడం, కొన్ని స్లాట్లు పనిచేయకపోవడం, అసలు తెర వెలగకపోవడం. అయితే వీటికి వేరే కారణాలే ఎక్కువగా ఉంటాయి. మెమొరీ కర్రలను మార్చి మార్చి పెట్టి చూసిన తర్వాతే సాకెట్‌ను అనుమానించండి. సాకెట్ తెరిచాక గదిలో దీపాలు తగ్గించి, టార్చి వెలుతురును పక్క నుంచి, దాదాపు బోర్డుకు సమాంతరంగా పడేలా పట్టండి. సరిగా ఉన్న కొనలన్నీ నాట్లు వేసిన మడిలా తిన్నని వరుసల్లో మెరుస్తాయి. వంగినచోట మెరుపు ఉండదు, లేదా వరుస తప్పి మెరుస్తుంది. తర్వాత బోర్డును పావు వంతు తిప్పి మళ్ళీ చూడండి, ఒక దిక్కు నుంచి కనిపించనిది మరో దిక్కు నుంచి కనిపిస్తుంది. ఫోనుతో ఫోటో తీసి పెద్దది చేసి చూడడం కూడా మంచి పద్ధతే. కొన్ని సాకెట్లలో సగం పిన్నులు ఒక దిక్కుకు, మిగతా సగం ఎదురు దిక్కుకు వాలి ఉంటాయి. అది లోపం కాదు, తయారీయే అంత. మీరు పోల్చవలసింది పక్కనే, అదే భాగంలో ఉన్న పిన్నుతో.

బోర్డు కొత్తదై, పెట్టె తెరవగానే పిన్ను వంగి కనిపిస్తే మాత్రం సూది ముట్టుకోవద్దు. ఫోటోలు తీసి, అలాగే దుకాణానికి తీసుకువెళ్ళండి. మీరు చేయి పెట్టిన తర్వాత ఆ తప్పు ఎవరిదో తేల్చడం ఎవరికీ సాధ్యం కాదు.

ఇక పనిముట్లు. పెద్దగా ఏమీ అక్కరలేదు. సన్నని కుట్టు సూది ఒకటి, దాన్ని పట్టుకోవడానికి వీలుగా పాత పెన్ను గొట్టంలోనో అగ్గిపుల్లల కట్టలోనో బిగించండి. కొన సన్నగా ఉన్న చిన్న పట్టకారు ఒకటి. గడియారాలు బాగుచేసేవారు కంటికి తగిలించుకునే అద్దం దొరికితే అంతకన్నా మేలు లేదు, ఎందుకంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. బల్ల ఎత్తుగా ఉండి రెండు మోచేతులూ దాని మీద ఆనాలి. గాలిలో ఉన్న చేయి వణుకుతుంది.

ప్లగ్గు తీసివేయండి. క్యాబినెట్ ఇనుప భాగాన్ని ముట్టుకుని ఒంటి మీది స్థిర విద్యుత్తును వదిలించుకోండి. చలికాలంలో, గాలి పొడిగా ఉన్న ఊళ్ళలో ఇది మరీ అవసరం. కూలర్ తీసి, మీట ఎత్తి, ప్రాసెసర్‌ను అంచులు పట్టుకుని నిట్టనిలువుగా పైకి తీయండి. బోర్డును బయటకు తీసి, అది వచ్చిన అట్టపెట్టె మీద పెట్టుకుంటే పని సుఖంగా ఉంటుంది. సాకెట్‌లో దుమ్ము కనిపించిందని గుడ్డతో, దూదితో తుడవబోకండి. పోగు ఒకటి పిన్నుకు చిక్కిందంటే ఒకటికి పది వంగుతాయి. నోటితో ఊదినా ఉమ్మి తుంపర పడుతుంది. రబ్బరు బుడ్డితో గాలి కొట్టండి.

ఇప్పుడు సూదిని వంగిన పిన్ను కొన దగ్గర కాదు, దాని మెడ దగ్గర, అంటే కొనకు కొద్దిగా కింద ఆనించండి. పిన్ను అణిగిపోయి ఉంటే మొదట దాన్ని పైకి లేపాలి, తర్వాతే పక్కకు జరపాలి. రెండు పనులూ ఒకేసారి చేయాలని చూస్తే పిన్ను మెలితిరుగుతుంది, మెలి తీయడం వంపు తీయడం కన్నా చాలా కష్టం. కొంచెం నెట్టండి, సూది తీసివేయండి, చూడండి.

ఇక్కడే చాలామంది పొరపడతారు. మీరు నెట్టినప్పుడు పిన్ను జరిగినట్టు కనిపిస్తుంది. సూది తీయగానే మళ్ళీ వెనక్కి వస్తుంది. స్ప్రింగు కదా, స్థితిస్థాపక అవధి లోపల కదిలినంత మేర తిరిగి రావడం దాని స్వభావం. కదలలేదనుకుని రెండోసారి గట్టిగా నెడితే హద్దు ఒక్కసారిగా దాటి అవతలికి పోతుంది. కాబట్టి ప్రతిసారీ ముందటి కన్నా పిసరంత మాత్రమే ఎక్కువ నెట్టండి. అలా ఒకే దిక్కులో పది చిన్న నెట్టుళ్ళయినా పిన్ను ఓర్చుకుంటుంది. అటు ఒకసారి, ఇటు ఒకసారి వంచడమే దాన్ని చంపుతుంది. గమ్యాన్ని దాటకుండా, కొంచెం ఇవతలే ఆగడం మంచిది.

కొన అడ్డవరుసలోనూ నిలువువరుసలోనూ కలిసిందా? టార్చి వెలుతురులో పక్కవాటితో సమానంగా మెరుస్తోందా? అయితే సూదిని బల్ల మీద పెట్టేయండి.

సరిచేసేటప్పుడు పిన్ను విరిగిపోతే దాన్ని ఇంట్లో అతికించే పద్ధతి లేదు. సాకెట్ అడుగున సీసపు పూసల్లాంటి టంకపు బంతులు ఉంటాయి. వాటిని కరిగించి సాకెట్ మొత్తం మార్చే యంత్రాలు కొన్ని మరమ్మతు దుకాణాల్లో ఉన్నాయి. ఆ ఖర్చును బోర్డు ధరతో పోల్చి చూసుకుని నిర్ణయించుకోండి. విరిగిన ముక్కను మాత్రం సాకెట్‌లో వదలకుండా పట్టకారుతో తప్పక బయటకు తీయాలి.

పాత పీజీఏ ప్రాసెసర్ల మాట కూడా రెండు ముక్కల్లో చెప్పాలి, ఎందుకంటే ఏఎమ్4 యంత్రాలు ఇంకా లక్షల ఇళ్ళలో పనిచేస్తున్నాయి. వాటి పిన్నులు నిజంగానే నిటారైన కడ్డీలు. లెడ్ తీసేసిన క్లచ్ పెన్సిల్ గొట్టాన్ని వంగిన పిన్నుకు తొడిగి మెల్లగా నిలబెట్టవచ్చు. వరుస మొత్తం ఒరిగితే వరుసల మధ్య పలుచని ప్లాస్టిక్ కార్డును జరిపి సర్దవచ్చు. అవి వంగేది ఎక్కువగా కూలర్ తీసేటప్పుడే. ఎండిపోయిన థర్మల్ పేస్టు జిగురులా పట్టుకుని, కూలర్‌తో పాటు ప్రాసెసర్ కూడా మూసి ఉన్న సాకెట్ నుంచి ఊడి వస్తుంది. కూలర్ తీయడానికి ముందు కంప్యూటరును కాసేపు నడిపితే పేస్టు వెచ్చబడి మెత్తబడుతుంది. యంత్రం ఆపి, ప్లగ్గు తీసి, బిగింపులు వదులు చేశాక కూలర్‌ను పైకి లాగకుండా, ముందు కుడికీ ఎడమకూ కొద్దిగా తిప్పండి.

మరమ్మతు తర్వాత ప్రాసెసర్‌ను తిరిగి పెట్టేటప్పుడు దాని మూలనున్న త్రికోణపు గుర్తును, అంచునున్న గంట్లను సాకెట్‌తో సరిచూసుకోండి. జార్చకుండా, తోయకుండా, నిట్టనిలువుగా దించండి. మొదట ఒక్క మెమొరీ కర్రతో యంత్రాన్ని వెలిగించి, అదే కర్రను ఒక్కొక్క స్లాట్‌లో పెట్టి చూడండి. ప్రతిసారీ యంత్రం ఆపి, ప్లగ్గు తీశాకే కర్రను మార్చాలి. అన్నీ పలికితే మెమ్‌టెస్ట్86 లాంటి పరీక్షను ఒక రాత్రంతా నడపండి. అర్ధమనస్సుతో తాకుతున్న పిన్ను ఉంటే అది వేడెక్కాక బయటపడుతుంది. పరీక్ష నెగ్గిన తర్వాత, ఎలా ఉందో మళ్ళీ చూద్దామని ప్రాసెసర్‌ను తీయకండి. ఈ సాకెట్లు మాటిమాటికీ తెరవడం కోసం చేసినవి కావు.

సాకెట్ మీద నల్లని ప్లాస్టిక్ మూత వస్తుంది, ప్రాసెసర్ పెట్టగానే అది ఊడిపోతుంది. చాలామంది దాన్ని పారేస్తారు. దాచుకోండి. బోర్డును వారంటీకి పంపితే మూత ఉండాలని చాలా తయారీదారుల మాన్యువళ్ళలో రాసి ఉంటుంది. బోర్డును ఖాళీగా ఎక్కడికి తీసుకువెళ్ళినా పిన్నులకు అదే గొడుగు.

చివరగా ఒక ప్రాయోగిక పని. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ గాని, చెన్నై రిచీ స్ట్రీట్ గాని, బెంగళూరు ఎస్‌పీ రోడ్ గాని, ఢిల్లీ నెహ్రూ ప్లేస్ గాని మీకు దగ్గరలో ఉంటే, అక్కడ పనికిరాని ఎల్‌జీఏ బోర్డు ఒకటి అడిగి తెచ్చుకోండి. అందులో ఒక పిన్నును సూదితో మీరే వంచి, మీరే లేపండి. రెండోదాన్ని విరిగేదాకా అటూ ఇటూ వంచుతూ ఎన్నోసారికి విరిగిందో లెక్కపెట్టి రాసుకోండి. మూడోదాన్ని మొదటి ప్రయత్నంలో వరుసలోకి వచ్చినంత వరకే జరిపి, నడుములో మిగిలిన సొట్టను భూతద్దంలో చూసి, బొమ్మ గీయండి.